నిలబడి విసిరిన ఆరు నెలలు

పోయిన వారం కళ్లజోడు మార్పించుకుందామని గవర్నర్‌పేట వెళ్లాను. ఒక హోల్‌సేల్ దుకాణం ముందు లారీకి సరుకు ఎక్కించడం అయిపోయి, ఇద్దరు మనుషులు పైకెక్కి టార్పాలిన్ కప్పుతున్నారు. అందులో ఒకాయన పట్టా అంచు పట్టుకుని గట్టిగా విదిలించాడు. అది గాలి పోసుకుని పైకి లేచి, ఫట్‌మని లారీ చెక్కల మీద పడింది. ఆ చప్పుడుకి నా కుడికాలు దానంతట అదే ఒక అడుగు ముందుకు పడి నేలకి ఆనుకుంది. రోడ్డుకి అడ్డంగా అలాగే నిలబడిపోయాను. వెనక ఆటో ఆయన హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయి, "మేడమ్, ఫొటో దిగాలంటే పక్కకెళ్లి దిగండి" అన్నాడు. పక్కకి జరిగాను గానీ, ఆ రోజు కళ్లజోడు సంగతి మర్చిపోయి ఉత్త చేతులతో ఇంటికొచ్చాను.

నా చేత అలాంటి చప్పుడు దాదాపు ఆరు నెలలపాటు రోజూ చేయించిన మనిషి పేరు ఇస్మాయిల్. ఇల్లు కొండపల్లిలో మా పక్క వీధిలోనే. మా నాన్న, ఆయన ఒకే పవర్ ప్లాంటులో, ఒకే షిఫ్టులో ఏళ్ల తరబడి పనిచేశారు. అందుకని నాకు బాబాయి. మాది చర్చి వీధి, వాళ్లది మసీదు వెనక సందు. క్రిస్మస్‌కి మా ఇంటి అరిసెలు అటూ, రంజాన్‌కి వాళ్లింటి సేమియా ఇటూ నడిచేవి. అంతకు మించి నాకు ఆయన గురించి తెలిసింది ఒక్కటే. ఆయన చెవుల గురించి ప్లాంటులో కథలు చెప్పుకునేవారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని తిరుగుతున్న మిషను మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని, "లోపల బేరింగు ఇంకో వారం కంటే ఆగదు" అని చెప్పేవాడట. విప్పి చూస్తే నిజంగానే అరిగిపోయి ఉండేదట. మా నాన్న ఈ మాట చెప్పేటప్పుడు ఆ చెవులు తన సొంతమైనట్టు పొంగిపోయేవాడు.

ఆ మనిషి ఉద్యోగంలో ఉండగా రెండేళ్లు బాయిలర్ పని మీద ఎక్కడో చలిదేశం వెళ్లొచ్చాడు. అందరూ అలాంటి చోట్ల నుంచి సెంటు సీసాలూ చాక్లెట్లూ తెస్తారు. ఈయన ఒక గుడ్డసంచీలో ఏడు ప్లాస్టిక్ పళ్లేలు తెచ్చాడు. మొదట చూసినప్పుడు ఆయన భార్య ఫాతిమా పిన్ని వాటిని మూతలు అనుకుని వంటింట్లో సర్దేసిందట. అవి డిస్క్ గోల్ఫ్ ఆడే డిస్కులు. గోల్ఫ్ లాంటి ఆటే గానీ ఇందులో కర్రా బంతీ ఉండవు. దూరంగా ఒక స్తంభానికి ఇనపబుట్ట, దాని పైన గొలుసులు వేలాడుతూ ఉంటాయి. డిస్కుని ఎన్ని తక్కువ విసుర్లలో ఆ బుట్టలో పడేస్తే అంత గొప్ప. అక్కడ ఆదివారాలు తోటి పనివాడొకడు ఆయన్ని అడవిలోకి తీసుకెళ్లి నేర్పాడట. రిటైరయ్యాక బాబాయి పాత సైకిల్ రిమ్ములూ, గొడ్లని కట్టేసే గొలుసులూ తెచ్చి, వెల్డింగ్ చేయించి, తన బావమరిది మామిడితోటలో ఆరు బుట్టలు పాతాడు. ప్లాంటులో రిటైరైన నలుగురైదుగురు ఆదివారం పొద్దున్నే అక్కడ చేరి ఆడేవారు. ఊళ్లోవాళ్లు నవ్వుకునేవారు. నేనూ నవ్వుకున్నాను.

ఇక నా సంగతి. నేను విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆరేళ్ల క్రితం స్కూటీ మీద వస్తూ పడి కుడి మోకాలు పాడుచేసుకున్నాను. ఆపరేషన్ అయింది, ఫిజియోథెరపీ అయింది, నాలుగు నెలల తర్వాత మళ్లీ క్లాసుకి వెళ్లాను. రెండోరోజే, బోర్డు మీద రాస్తూ రాస్తూ పిల్లలవైపు తిరగబోతే మోకాలు సహకరించలేదు. భయపడి వెనక్కి తగ్గాను. స్టేజీ మీద వెల్లకిలా పడ్డాను. నూట ఇరవై మంది పిల్లలు. నవ్వి ఉంటే కోప్పడి ఊరుకునేదాన్ని. ఒక్కరూ నవ్వలేదు. ముందు బెంచీలవాళ్లు పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేసి లేపారు. ఒకమ్మాయి నా చీర కుచ్చిళ్లు సర్దింది. నాకు ఆ జాలే ఎక్కువ అవమానం అనిపించింది. మర్నాడు ప్రిన్సిపల్ గారి దగ్గరికి వెళ్లి, ప్రశ్నపత్రాలు తయారుచేసే గదిలో కుర్చీ ఇప్పించమని అడిగాను. ఆయన మంచివాడే, ఇప్పించారు. ఆ గదికి కిటికీ కూడా లేదు. "నాకిదే బావుంది, గొంతు అరుచుకునే పని లేదు" అని అందరికీ చెప్పేదాన్ని. పక్క హాల్లో వేరెవరో చెబుతున్న పాఠం గోడలోంచి వినబడుతుంటే మాత్రం, ఆ లెక్క అలా కాదు ఇలా చెప్పాలని నా నోట్లో మాటలు తిరిగేవి.

డాక్టరు మోకాలు అతుక్కుందనే అన్నాడు. ఇక మిగిలింది భయమేనన్నాడు. భయానికి ఎక్స్‌రే తీయరు కాబట్టి నేను నమ్మలేదు. ఎక్కడ నిలబడ్డా బరువంతా ఎడమకాలి మీదే వేసేదాన్ని. ఆ డిసెంబరులో ప్రిన్సిపల్ గారు పిలిచి, "జూన్‌లో కొత్త బ్యాచ్ మొదలవుతుంది ఎస్తేరు గారూ. మీరు క్లాసు తీసుకుంటారా, ఇంకొకర్ని చూసుకోమంటారా? అప్పటికి చెబితే చాలు" అన్నారు. చెబుతానన్నాను. బస్సులో ఇంటికి వస్తూ ఏడ్చాను.

మా అమ్మ ఏం చెప్పిందో, ఎవరికి చెప్పిందో నాకు తెలియదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యి చర్చి మెట్లు ఒక్కొక్కటే దిగుతుంటే, ఇస్మాయిల్ బాబాయి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గళ్ల లుంగీ, తెల్ల చొక్కా, వాచీ మణికట్టు లోపలివైపుకి. ఎక్కడ నిలబడ్డా దేనిమీదో ఒకదానిమీద అరచెయ్యి ఆనించి ఉంచడం ఆయన అలవాటు. ఆ రోజు చర్చి గేటు మీద ఉంచాడు.

"తోటకి రామ్మా. పళ్లేలు విసురుదువుగాని" అన్నాడు.

"నేను పరుగెత్తలేను బాబాయి గారూ."

"పరుగెత్తమన్నానా? నిలబడి విసరమంటున్నా."

వెళ్లాను. కాదంటే మా అమ్మ వారం రోజులు ముఖం మాడ్చుకు తిరుగుతుంది. తోటలో మొదట ఆయన మిత్రులు విసిరారు. క్రికెట్ ఆడి పెరిగినవాళ్లు కదా, ప్రతివాడూ బౌలింగుకి వచ్చినట్టు పది అడుగులు పరుగెత్తుకొచ్చి, ఆవేశంగా విసిరేవాడు. డిస్కు ఏ కొమ్మల్లోకో పోయేది. బాబాయి మాత్రం ఒక్కచోట నిలబడి, కుడి భుజం బుట్టవైపు పెట్టి, డిస్కుని గుండెకి దగ్గరగా వెనక్కి తీసుకుని, పెద్ద కష్టమేమీ లేనట్టు వదిలాడు. అది రెండు చెట్ల వరుసల మధ్య నుంచి తిన్నగా వెళ్లి గొలుసుల్లో పడింది. నాకు ముచ్చటేసింది. వెంటనే, అది ఎందుకు అలా వెళుతుందో ఆయనకి చెప్పడం మొదలుపెట్టాను. తిరిగే వేగం, గాలి ఒత్తిడి, కోణీయ ద్రవ్యవేగం. మట్టిలో పుల్లతో బొమ్మ కూడా గీశాను. ఆయన శ్రద్ధగా నా ముఖంలోకే చూస్తూ అంతా విన్నాడు. నా పాఠం అంత శ్రద్ధగా విన్నవాళ్లు క్లాసులో కూడా లేరు.

"లెక్క బావుంది. ఇప్పుడు విసురు" అన్నాడు.

విసిరాను. డిస్కు ముందు అంచు పైకి లేచి, వణుక్కుంటూ కాస్త ఎత్తుకి పోయి, ఎడమవైపుకి ఒరిగి, పదిహేను అడుగుల అవతల కూలబడింది. మళ్లీ విసిరాను, మళ్లీ అంతే. బాబాయి మిత్రులు మర్యాదస్తులు, మామిడి ఆకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూశారు.

"చెయ్యి ఒక్కటే ముందుకెళ్లిందమ్మా. మనిషి వెనకే ఉండిపోయింది" అన్నాడాయన. తర్వాత దగ్గరికొచ్చి చాలా సాదాగా చెప్పాడు. విసిరే ముందు బరువు ఎడమకాలి మీద ఉండాలి. చెయ్యి కదలకముందే ఆ బరువు కుడికాలి మీదికి వెళ్లిపోవాలి. కుడికాలు గట్టిగా నిలబడితే నడుము తిరుగుతుంది, నడుము తిరిగితే భుజం తిరుగుతుంది, చెయ్యి దాని వెంట ఊరికే వస్తుంది. "కుడికాలు నిలబడకపోతే ఇంకేదీ లేదు" అన్నాడు.

ఎక్కడెక్కడి ఆటా తిరిగి తిరిగి నా కుడి మోకాలి దగ్గరికే వచ్చిందని ఒళ్లు మండింది. "పరుగెత్తుకొచ్చి విసిరితే ఈ బాధ ఉండదుగా, వాళ్లలాగా?" అన్నాను.

"పరుగు తప్పుని కప్పేస్తది. వాళ్లకి ఇన్నేళ్లయినా తప్పేంటో తెలవలా. నిలబడితే అంతా బయటపడిపోద్ది" అన్నాడు.

మూడు ఆదివారాలు వెళ్లానో లేదో, జనవరిలో మామిడి పూత మొదలైంది. మా వైపు పూత పడిందంటే తోట గుత్తకి తీసుకున్నవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతుంది. కాయ కోసే దాకా చెట్ల కిందికి పరాయి మనిషి అడుగు పెట్టకూడదు, రాయి విసరకూడదు, కొమ్మ ఊపకూడదు. సొంత బావమరిది తోటైనా అదే కట్టు. బాబాయి మిత్రులు డిస్కులు బీరువాలో పెట్టేసి జూన్ దాకా పేకాటకి మళ్లారు. నాకు వంక దొరికిందని లోలోపల సంతోషించాను. సోమవారం సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే ఫాతిమా పిన్ని గుమ్మంలోంచి కేకేసింది. వాళ్ల పెరట్లో బోరుకి వాడగా మిగిలిన రెండు ఇనప పైపులు నేలలో పాతి, వాటి మధ్య పాత లారీ టార్పాలిన్ బిగించి కట్టి ఉంది. దానికి మూడు అంగల దూరంలో సున్నంతో గీత గీసి ఉంది.

"ఇక్కణ్ణించి విసరడమా? డిస్కు ఎటు పోతుందో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"ఎటు పోద్దో చూసుకుంటా ఉంటే ఎట్టా నిలబడ్డావో చూసుకోవు. నువ్వు విసురు, నేను చెప్తా."

ఆయన వెళ్లి ఎడమ పక్క పైపు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నేను విసిరాను. పట్టాకి తగిలి చప్పుడైంది.

"కాదు" అన్నాడు.

ఆ మాట వెయ్యిసార్లు విని ఉంటాను. రోజూ సాయంత్రం ఆరుంపావుకి బస్సు దిగి అటే వెళ్లేదాన్ని. అరగంట. ముప్పై నలభై విసుర్లు. కళ్లు మూసుకుని ఆయన, "కాదు", "కాదు", "దగ్గిరికొచ్చింది, కాదు". మధ్యలో పిన్ని టీ తెచ్చి, ఆయన ఎదురుగా నిలబడి, "చల్లారిపోతంది, తాగండీ!" అని వీధి చివరికి వినబడేట్టు అరిచేది. ఆ ఇంట్లో ఏ మాటైనా అలాగే నడిచేది. పాపం ముసలాళ్లకి ఈ వయసులో కూడా పడదు కాబోలు అనుకునేదాన్ని. మొత్తానికి ఆయన చెవుల మీద నాకు మా నాన్నంత నమ్మకం. తిరిగే మిషను కడుపులో రోగం చెప్పినవాడికి నా కాలి తప్పు చెప్పడం ఒక లెక్కా అనుకున్నాను.

ఆ నమ్మకంతోనే తప్పుదారి పట్టాను. ఫిబ్రవరి గడిచింది, మార్చి గడిచింది. కుడికాలి మీద పూర్తిగా బరువు వెయ్యబోయే క్షణంలో ప్రతిసారీ స్టేజీ గుర్తొచ్చేది, ఒళ్లు వెనక్కి లాగేసేది. ఆయన విసిరినప్పుడు వచ్చే చప్పుడు నాకు బాగా తెలుసు. కాలి జోలికి పోకుండా ఆ చప్పుడు తెప్పించే దారి వెతికాను. ఫిజిక్స్ చదువుకున్నది ఇందుకు పనికొచ్చింది. డిస్కు అంచుతో తగిలితే చప్పుడు చిన్నది. మణికట్టు కొంచెం వంచి వదిలితే అది వెడల్పుగా వెళ్లి పట్టాకి అతుక్కున్నట్టు కొడుతుంది. ఫట్‌మని, అచ్చం ఆయనదానిలాగే, ఇంకా మాట్లాడితే అంతకంటే పెద్దగా. ఆదివారం మా పెరట్లో మా అమ్మ ఆరేసిన దుప్పటి మీద సాధన చేసి మరీ నేర్చుకున్నాను. దొంగపని అని తెలుసు. ఒక్కసారి ఆయన నోట "అవును" అనిపించుకుంటే, నాకూ ధైర్యం వస్తుందని సర్దిచెప్పుకున్నాను.

సోమవారం విసిరాను. పట్టా అదిరిపోయేట్టు చప్పుడు.

"కాదు" అన్నాడు.

మళ్లీ విసిరాను. "కాదు." మంగళవారమూ కాదే, బుధవారమూ కాదే. ఆ గురువారం మధ్యాహ్నం కాలేజీలో ప్రిన్సిపల్ గారు కనబడి, నెల్లూరు నుంచి ఒకాయన వచ్చి డెమో క్లాసు చెప్పి వెళ్లాడనీ, పిల్లలకి బాగా నచ్చాడనీ, నేను ఏ సంగతో త్వరగా చెబితే మంచిదనీ అన్నారు. ఆ బరువుతోనే పెరట్లోకి వెళ్లాను. ఇరవై సార్లు విసిరాను. ఇరవై సార్లూ ఫట్‌మన్న చప్పుడు, ఇరవై సార్లూ కళ్లు మూసుకున్న ఆ ముఖం, "కాదు".

నోరు జారింది. "చప్పుడు అంత బాగా వస్తుంటే కాదంటారేంటి? మీకసలు వినపడుతోందా? మీ చెవులు పోయాయి బాబాయి గారూ!" అని అరిచాను.

ఆయన సరిగ్గా అప్పుడే కళ్లు తెరిచాడు. నా పెదవుల మీద ఆ చివరి మాట చూశాడు. టీ గ్లాసులతో వస్తున్న పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ ముఖం చూశాక నాకు అర్థమైంది. ఆవిడ అరుపులూ, ఆయన ఎప్పుడూ మనిషి ముఖంలోకే చూస్తూ వినడమూ, ఫోను మోగితే పిన్నే పరుగెత్తడమూ, అన్నీ ఒక్కసారి కళ్లముందు వరసగా నిలబడ్డాయి. మట్టిలో బొమ్మ గీసి నేను చెప్పిన పాఠం కూడా ఆయన విన్నది కాదు, చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"అవునమ్మా, పోయినయ్యి" అన్నాడు. "ఎనిమిదేళ్లయింది. ప్లాంటులో చెవుల్లో పెట్టుకోడానికి బిరడాలు ఇచ్చేవోళ్లు. అందరూ పెట్టుకునేవోళ్లు, నేను పెట్టుకోలా. అవి పెట్టుకుంటే మిషను మాట వినపడదు గదా. నా చెవులే నాకు గొప్ప. ఆ గొప్పతోనే పోగొట్టుకున్నా. తర్వాత ఎవరికీ చెప్పలా. మీ నాన్నకి కూడా చెప్పలా. ఇస్మాయిల్ చెవి అంటే అదో పేరు గదా, ఎట్టా చెప్పుకోను?"

"మరి ఇన్నాళ్లూ 'కాదు' అని ఎలా చెప్పారు?" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, తను రోజూ నిలబడే చోట నిలబెట్టి, నా అరచేతిని పైపు మీద పెట్టాడు. "కళ్లు మూసుకో" అన్నాడు. గీత దగ్గరికి వెళ్లి నాలాగే మణికట్టు వంచి ఒక డిస్కు విసిరాడు. పెద్ద చప్పుడైంది. చేతి కింద పైపు మాత్రం కాస్త జలదరించి ఊరుకుంది. తర్వాత తనలాగా విసిరాడు. చప్పుడు ఏమంత పెద్దది కాదు. పైపు మాత్రం అడుగు నుంచి కదిలింది. ఆ కదలిక నా అరచేతిలోంచి మోచేతి దాకా వచ్చింది. ఒక మనిషి మొత్తం బరువు వచ్చి ఆ పట్టాకి తగిలిందని చేతికి తెలిసింది. నేను నాలుగు రోజులుగా ఆడుతున్న నాటకం, ఆ చేతి కింద, మొదటి రోజు నుంచీ తెలుస్తూనే ఉందన్నమాట.

"చెవి పోయిందని ఒప్పుకున్నాకే చెయ్యి నేర్చుకుందమ్మా నాకు. నీ కాలు పోలా. ఉన్నదాన్ని లేదనుకుంటన్నావు. రా, వెయ్యి. పడితే పడతావు" అన్నాడు.

గీత దగ్గర నిలబడ్డాను. కుడి భుజం పట్టావైపు పెట్టాను. డిస్కు వెనక్కి తీసుకున్నాను. స్టేజీ గుర్తొచ్చింది, పిల్లల చేతులు గుర్తొచ్చాయి. ఈయన ముందు ఇంకా దాచుకోవడానికి ఏం మిగిలిందనిపించి, కోపంగా, కుడికాలి మీదికి మొత్తం వెళ్లిపోయాను. డిస్కు చేతిలోంచి ఎప్పుడు పోయిందో తెలియదు. నడుము తిరిగింది, మోకాలు ఆగింది, ఆ తర్వాత ఆగలేదు. ముందుకి, రెండు చేతుల మీద, మట్టిలో పడ్డాను.

పిన్ని "అయ్యో తల్లీ!" అంటూ పరుగెత్తబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. రెండో చెయ్యి పైపు మీదనుంచి తియ్యలేదు. ఆ క్షణంలో ఆయన మీద చాలా కోపం వచ్చింది. మోచెయ్యి గీరుకుపోయింది, నోట్లో మట్టి. ఎవరూ రాలేదు. కొంచెంసేపు అలాగే ఉండి, ఎడమ మోకాలు ముడిచి, కుడి పాదం నేలకి ఆనించి, మెల్లగా లేచాను. లేచేటప్పుడు నా బరువు మోసింది ఆ కుడికాలే. నిలబడ్డాక గానీ ఆ సంగతి గమనించలేదు.

"ఊఁ. అదీ" అన్నాడు ఆయన. అంతే, మూడు నెలల తర్వాత. నేను ఏడుస్తూ ఇంకో డిస్కు తీసుకున్నాను. పిన్ని టీ మళ్లీ వేడిచేయడానికి లోపలికి వెళ్లింది.

మర్నాడు ప్రిన్సిపల్ గారికి జూన్ బ్యాచ్ నేనే తీసుకుంటానని చెప్పాను. చెప్పాక నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. ఏప్రిల్, మే అంతా ఆ పెరట్లోనే గడిచింది. ఎండకి ఇనప పైపు కాలిపోతుంటే బాబాయి తడిగుడ్డ చుట్టి దాని మీద చెయ్యి పెట్టుకునేవాడు. నేను ఆయన ఎదురుగా, పెదవులు కనబడేట్టు, నిదానంగా మాట్లాడడం నేర్చుకున్నాను. అలా మాట్లాడితే సగం పనికిమాలిన మాటలు రాలిపోతాయని కనిపెట్టాను. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఇప్పటికీ అలాగే చెబుతాను. ఒకసారి, "వినికిడి మిషను పెట్టించుకోవచ్చు కదా" అన్నాను. "పెట్టించుకుంటా. నువ్వు క్లాసుకి పో, నేను డాక్టరు దగ్గరికి పోతా" అన్నాడు. అలా బేరం కుదిరింది. జూన్ మొదటివారంలో ఇద్దరం మాట నిలబెట్టుకున్నాం. చెవిలో ఆ చిన్న వస్తువుతో తొలిసారి బయటికి వచ్చినప్పుడు ఆయన వీధిలో తల దించుకుని నడిచాడు. నేను పక్కనే నడిచాను. ఆయన మిత్రుల్లో ఇద్దరు తమ చెవుల సంగతి కూడా ఆ వారంలోనే బయటపెట్టారట.

కాయ కోతలు అయిపోయి తోట తెరిచాక మొదటి ఆదివారం విసిరాను. నా డిస్కు తిన్నగానే వెళ్లింది, బుట్టకి మాత్రం చాలా ముందే ఆగిపోయింది. నాకు కాస్త నిరాశగా ఉంది. ఆయన డిస్కు వైపు చూడనే లేదు, నా పాదం వైపు చూసి సరే అన్నట్టు తలూపి, తన వంతు విసరడానికి వెళ్లిపోయాడు.

క్లాసు మొదలైన మూడోవారంలో మళ్లీ పడ్డాను. పడకపోయి ఉంటే బావుండేదని చెప్పను. మధ్యాహ్నం రెండో గంట. బోర్డు మీద సగం లెక్క వేసి, పిల్లలవైపు తిరిగి, కుడికాలు ముందుకి వేశాను. మోకాలు మళ్లీ ఒప్పుకోలేదు. స్టేజీ అంచున రెండు చేతుల మీద పడ్డాను. మార్కర్ దొర్లుకుంటూ ముందు బెంచీ కిందికి పోయింది. బెంచీలు కదిలిన చప్పుడైంది, పిల్లలు లేచారు. తల ఎత్తకుండానే ఒక చెయ్యి పైకెత్తి, "ఎవరూ రావద్దు. కూర్చోండి. నాకు లేవడం వచ్చు" అన్నాను. కూర్చున్నారు. వందకి పైగా పిల్లలు చూస్తుంటే, ఎడమ మోకాలు ముడిచి, కుడి పాదం ఆనించి, లేచాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. "మార్కర్ ఇవ్వండి" అన్నాను. ఒకమ్మాయి వంగి తీసి అందించింది. మిగిలిన సగం లెక్క పూర్తిచేశాను.

సాయంత్రం బస్సు దిగి నేరుగా బాబాయి ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నిలబడి, "ఈరోజు క్లాసులో పడ్డాను" అన్నాను. అయ్యో అంటాడనుకున్నాను, దెబ్బ తగిలిందా అని అడుగుతాడనుకున్నాను. ఆయన నా మోకాలి వైపు ఒకసారి చూసి, చాలా మామూలుగా అడిగాడు.

"ఎటు పడ్డావు?"

ఒక క్షణం ఆలోచించుకోవాల్సి వచ్చింది. "ముందుకి" అన్నాను.

"అయితే పర్లేదు" అని, లోపలికి తిరిగి, ఎస్తేరమ్మ వచ్చింది టీ పెట్టమని పిన్నికి కేకేశాడు.

రెండేళ్ల క్రితం వానాకాలంలో ఇస్మాయిల్ బాబాయి పోయాడు. గుండెపోటు, ఒక్క పూటలో అయిపోయింది. ఆ రోజు నేను క్లాసులో ఉన్నాను. కబురు అందినా ఆ చివరి గంట పాఠం మధ్యలో ఆపి వెళ్లలేదు. వెళ్లి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. నా మోకాలు పూర్తిగా బాగుపడలేదు, ఇక పడదని డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రోజే పిల్లలకి చెప్పేస్తాను, నేను పడితే ఎవరూ లేవద్దని. ఏడాదికి ఒకసారో రెండుసార్లో పడుతూనే ఉంటాను. లేచి, చీర దులుపుకుని, ఎటు పడ్డానో ఒకసారి చూసుకుని, ఆపిన దగ్గర్నుంచి పాఠం మొదలుపెడతాను.